ఇనుము వద్దన్న మిషను

మీ ఇంట్లో ఎవరైనా "నాకు మిషన్ల గురించి బాగా తెలుసు" అన్నారనుకోండి. వాళ్ళ చేతిలో ఉన్న మిషను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయండి. మా ఇంట్లో ఆ పుణ్యం ఎవరూ కట్టుకోలేదు. అందువల్ల తిరుచెందూరు సముద్రపు ఒడ్డున, పట్టపగలు, పదిమంది చూస్తుండగా నేను చేసిన ఘనకార్యం మీకు చెప్పక తప్పడం లేదు. నవ్వుకోండి. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా గొప్ప వినండి. మాది తమిళనాడులోని రాజపాళయం. పక్కనే సత్రపట్టిలో ఆసుపత్రుల్లో గాయాలకు కట్లు కట్టే గుడ్డ నేసే యూనిట్లో నేను క్వాలిటీ సూపర్‌వైజర్ని. గుడ్డ చుట్టలు బయటికి పోయేముందు ఒక మెటల్ డిటెక్టర్ కింది నుంచి పోతాయి. అది కుయ్యిమంటే ఆ చుట్ట పక్కకు తోసేయడమే, మారుమాట లేదు. ఎవరి పుండుకో కట్టే గుడ్డలో పిన్నీసు ముక్క ఉంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. అందుకే మా యూనిట్ గేటు లోపలికి పిన్నీసు రాకూడదు. మా ఊళ్ళో దాన్ని ఊక్కు అంటారు. "ఊక్కు తీసినావా? జడలో స్లైడు తీసినావా?" అని గేటు దగ్గర నిలబడి రోజూ ఆడపిల్లల ప్రాణాలు తోడేది నేనే. చీర మీద కోటు వేసుకుంటాం కాబట్టి కొంగు జారుతుందన్న భయం లేదు.

అంత చెప్పే నేను మాత్రం రోజూ పొద్దున చీర కట్టుకుంటూ అలవాటు కొద్దీ కొంగుకు పిన్నీసు పెట్టేస్తాను. గుమ్మం దాటబోతుంటే మా అత్త వెనకనుంచి కేకేస్తుంది.

"ఏమే ఉమా, ఊక్కు!"

నాలుక కరుచుకుని తీసి ఆమె చేతిలో పెట్టి పరిగెత్తుతాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ సంగతే గుర్తుండదు. మర్నాడు డబ్బాలోంచి ఇంకో పిన్నీసు. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను, మీరైనా మర్చిపోకండి.

మా అత్త అంటే స్వయానా మా నాన్నకు అక్క. ఆమె కొడుకే నా మొగుడు, సీను బావ. మోటార్ వైండింగ్ కొట్టు నడుపుతాడు. బంగారంలాంటి మనిషే గానీ ఒక్క జబ్బుంది. ఏ వస్తువు కొన్నా దాంతోపాటు వచ్చే పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. మిక్సీ కొంటే మిక్సీ పుస్తకం, ఫ్యాను కొంటే ఫ్యాను పుస్తకం. ఆ యేడు ఎక్కడో వీడియోలు చూసి, కర్రకు పళ్ళెం తగిలించినట్టుండే మెటల్ డిటెక్టర్ ఒకటి తెప్పించాడు. సముద్రపు ఒడ్డున పాతకాలం కాసులు దొరుకుతాయట. ఇంట్లో పెట్టిన సైకిల్ తాళమే దొరకదు ఆయనకు.

సరిగ్గా అప్పుడే మా మామకు గుండె ఆపరేషన్ అయింది. ఆయన క్షేమంగా ఇంటికొస్తే తిరుచెందూరు సముద్రంలో మునిగి స్వామిని చూస్తానని అత్త మొక్కుకుంది. మామ కోలుకోగానే నలుగురం కారులో బయల్దేరాం. బావ ఆ మిషనును కూడా వెనక సీట్లో నాకూ అత్తకూ మధ్య పడుకోబెట్టాడు. దారి పొడుగునా దాని పళ్ళెం నా మోకాలికి కొట్టుకుంటూనే ఉంది.

సముద్రంలో స్నానాలయ్యాయి. మామ తొందరగా బట్టలు మార్చుకుని, "పెద్దోళ్ళకు వేరే వరిసె ఉందంట. నేను ముందు పోయి సామిని చూసి వస్తాను. మీరు మెల్లగా రాండి" అని గుడికి వెళ్ళిపోయారు. అత్త నీళ్ళలోంచి వచ్చి, తాళికి పసుపు కుంకుమ పెట్టి కళ్ళకద్దుకుంది. నేను చీర అడ్డం పట్టుకుంటే దాని వెనక బట్టలు మార్చుకుంది. తడికీ పొడికీ మధ్య చాప పరిచి, పులిహోర పొట్లం విప్పాం. అత్త మొదటి ముద్ద తీసుకుంది. ఎడమ చెయ్యి మామూలుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"ఉమా, నా మెడ చూడు."

"ఏమత్తా?"

"తాలి లేదే!"

గొలుసుతో సహా లేదు. చీర దులిపాం, తడిబట్టలు పిండాం, చాప విదిలించాం, పులిహోరలో కూడా చెయ్యి పెట్టి కలిపాను. లేదు. చుట్టూ ఇసుకను చేతులతో గోకాం. ఇసుక ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది, అంతే.

"నీళ్ళలో పోలేదు. గట్టుకు వచ్చినాక కుంకుమ పెట్టినా కదా. ఇక్కడే యాడనో పడింది" అంది అత్త. "మీ మామకు చెప్పొద్దే. గుండె కోసి కుట్టుండారు. ఆ మనిషి తట్టుకోడు."

పూజ సంచిలోంచి పసుపుకొమ్ము తీసి, దారానికి కట్టి మెడలో వేసుకుని కొంగు కప్పుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"ఆస్పత్రిలో ఆయన్ని లోపలికి తీసుకుపోయినప్పుడు ఈ తాలినే పట్టుకుని కూర్చొన్నా. ఆయన ఉసురు నిలిపినావు సామీ అని చెప్పేదానికి వచ్చి, దాన్నే పారేసుకున్నానే!"

మా అత్త ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆపరేషన్ రోజు కూడా మమ్మల్నే తిట్టి కాఫీ తాగించిన మనిషి. ఏదో ఒకటి చెయ్యాలి. అలాంటప్పుడు నోరు మూసుకుని ఆలోచించేవాళ్ళు కొందరుంటారు. నేను ఆ కోవ కాదు.

"ఏడవొద్దత్తా! నేనుండాను కదా! బావా, ఆ మిషన్ తీసుకురా!"

బావ కారు దగ్గరికి పరిగెత్తి తెచ్చాడు. ఒక చేతిలో మిషను, రెండో చేతిలో పుస్తకం. ఇసుకను మావైపు మణలు అంటాం.

"ఉమా, ఎండిన మణలుకు ఒక సెట్టింగు, తడి మణలుకు ఒక సెట్టింగు అని రాసుండారు. ఉప్పునీళ్ళు ఉంటే..."

"ఆ పుస్తకం మూయి బావా. నేను రోజూ డిటెక్టర్‌తోనే కాపరం చేసేదాన్ని."

"అది మిల్లు డిటెక్టర్. బల్ల మీద కదలకుండా ఉంటాది. కింద మణలు ఉండదు, ఉప్పు ఉండదు."

"డిటెక్టర్ అంటే డిటెక్టరే కదా? ఇట్లా ఇయ్యి!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మిల్లు గెలిచినదానికి సముద్రం ఒక లెక్కా? సెన్సిటివిటీ బొత్తాన్ని చివరిదాకా తిప్పాను. మా యూనిట్లో అది ఎప్పుడూ చివరనే ఉంటుంది. తగ్గించమన్న మెకానిక్కును నేను గేటు దాకా తరిమిన చరిత్ర ఉంది.

ముందు పైన ఎండిన ఇసుకలో పట్టాను. కుయ్యి! నా గుండె గంతేసింది. తవ్వితే సోడా మూత. కుయ్యి! చాక్లెట్ కాగితం. కుయ్యి! పిన్నీసు. కుయ్యి! జడ స్లైడు. కుయ్యి! ఇంకో పిన్నీసు. తమిళనాడులో ఆడవాళ్ళందరూ వచ్చి బట్టలు మార్చుకునే చోటది. జాకెట్టు హుక్కులు, తుప్పు పట్టిన పిన్నీసులు, విరిగిన క్లిప్పులు విత్తనాలు చల్లినట్టున్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను సముద్రాన్ని తవ్వి ఊక్కులు పట్టాను. రోజూ గేటు దగ్గర నేను పడే బాధంతా నాకంటే ముందే బస్సెక్కి ఇక్కడికి వచ్చి కూర్చున్నట్టుంది.

చుట్టూ జనం చేరారు. వేరుశెనగల బండాయన పొట్లం కడుతూ ఆగి, "ఏమ్మా, బాంబు గింబా?" అని అరవంలో అడిగాడు. నేను చూసిన చూపుకు ఆయన బండిని ఇంకో నాలుగడుగులు దూరం జరిపాడు. వెళ్ళిపోలేదు. బేరం బాగుంది మరి.

"ఇట్లయితే సాయంత్రమైనా తెమలదు. ఇందులో ఏదో వద్దనుకున్నవి తీసేసేది ఉంది కదా బావా?"

"ఉంది. డిస్క్రిమినేషన్ అంటారు. ఇనుము వద్దంటే ఇనుముకు కుయ్యదు. కానీ ఉమా, అది వాడేటప్పుడు..."

"అత్త తాలి ఏమిటిది?"

"ఏమిటిది అంటే?"

"ఇనుమా? బంగారా?"

"బంగారే."

"గొలుసు?"

"అదీ బంగారే."

"మరి ఇనుముతో మనకేమి పని? తీసి పారెయ్యి!"

ఈ లెక్కలో తప్పెక్కడుందో మీరే చెప్పండి. అత్త తాళి ముమ్మాటికీ బంగారమే. బావ పుస్తకంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, పుస్తకం మూసేశాడు. నేను ఇనుమును వెలివేసేశాను. మిషను వెంటనే బుద్ధిగా అయిపోయింది. ఇంతసేపూ మొత్తుకున్న పిన్నీసుల మీద నుంచి పోతున్నా కిక్కురుమనలేదు.

"చూసినావా బావా? పదేండ్ల అనుభవం అంటే ఇది!"

అదే విజయగర్వంతో తడి ఇసుకలోకి దిగాను. దిగిందే తడవు, మిషనుకు పూనకం వచ్చింది. కుయ్ కుయ్ కుయ్ కుయ్! అడుగు వేస్తే కుయ్, వేయకపోతే కుయ్. తవ్వితే నీళ్ళు. ఇంకా తవ్వితే ఇంకొన్ని నీళ్ళు. ఒక పీత బయటికొచ్చి నన్ను చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"దరిద్రపు మిషన్! ఓటి మిషన్! నీకు యాడ దొరికింది బావా ఇది?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వెతకడం రాక మిషను ఓడన్నాను. బావ ఎంతో ఓపికగా చెప్పాడు. ఆ ఓపికే నాకు ఇంకా మండించింది.

"ఉప్పునీళ్ళు తగిలినా అది లోహమనుకుంటాది ఉమా. అందుకే తడి మణల్లో సెన్సిటివిటీ తగ్గించాల. ఇంకొకటి, ఏమీ లేని చోట పళ్ళెం పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడిస్తే ఈ మణలు ఎట్లాంటిదో అది నేర్చుకుంటాది."

"మణలుకు పాఠాలా? ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?"

"పుస్తకం మూయమన్నావు కదా."

పళ్ళు కొరుక్కుంటూ తగ్గించాను. పళ్ళెం పైకీ కిందికీ ఆడించాను. చూసేవాళ్ళకు నేను సముద్రానికి విసనకర్రతో విసురుతున్నట్టుండి ఉంటుంది. పూనకం దిగింది. నీళ్ళ దగ్గర్నుంచి చాప దాకా, చాప నుంచి నీళ్ళ దాకా, ఒక్క జానెడు వదలకుండా తిప్పాను. ఒకే ఒక్కచోట, చాప అంచు దగ్గర, మిషను గొంతులో పిల్లి గురక పెట్టినట్టు సన్నగా ముక్కింది.

"ఇక్కడేదో ఉండాది" అన్నాడు బావ.

"స్క్రీన్ చూడు. గీత అన్నిటికంటే కిందుండాది. అంటే ఇనుము! వద్దన్నాను కదా, అందుకే నోరు మూసుకుని ముక్కుతాది."

"తవ్వి చూస్తే ఏమి పోయింది?"

"ఇంకొక ఊక్కు తవ్వితే నేను సముద్రంలో దూకేస్తా బావా!"

ఆ చోటు మీదుగా ఎన్నిసార్లు నడిచానో నాకే తెలియదు. ప్రతిసారీ అది ముక్కింది. ప్రతిసారీ నేను దాన్ని కసిరాను. చివరికి కాళ్ళు లాగి అక్కడే, ఆ చాప అంచు మీదే చతికిలబడ్డాను.

అత్త అప్పటికి ఏడవడం కూడా మానేసింది. సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. "పోనీలే కన్నూ. నువ్వు మాత్రం ఏమి చేస్తావు" అంది. తిట్టినా బాగుండేది. ఆ మెత్తటి మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. మామకు ఏమని చెప్పాలి? ఆయన మొహం చూసి అత్త ఎలా తట్టుకుంటుంది? గోరుచుట్టు మీద రోకటిపోటులా, సరిగ్గా అప్పుడే మామ గుడి వైపు నుంచి వస్తూ కనిపించారు. నుదుటి నిండా విభూతి. ప్రసాదం సంచిని చేత్తో వేలాడదీయకుండా, చంటిపిల్లాణ్ణి మోసినట్టు రెండు చేతులా పొట్టకు హత్తుకుని వస్తున్నారు.

"ఇంకా ఇక్కడే ఉండారా? నేను దర్శనం చేసుకుని కూడా వచ్చేసినా!" అంటూ అత్త ముందుకొచ్చి నిలబడ్డారు. "ఏమే, సంచి పట్టీ తెగిపోయింది. ఒక ఊక్కు తియ్యి."

ఆ మాట అంటూ, అలవాటైన చేత్తో సూటిగా అత్త మెడ వైపు చెయ్యి చాపారు.

అత్త కొంగు గట్టిగా బిగించుకుంది.

"ఏమే, నిన్నే. ఊక్కు."

నా నెత్తి మీద పిడుగు పడింది. ఊక్కు! మా ఇంట్లో ఎవరికి పిన్నీసు కావాలన్నా అత్త ముందు నిలబడాలి. ఆమె పిన్నీసులు దాచుకునేది డబ్బాలో కాదు, పెట్టెలో కాదు. తాళి గొలుసుకు! మీ అమ్మా, మీ అమ్మమ్మా ఎక్కడ తగిలించుకున్నారో అక్కడే! బంగారం చుట్టూ గుత్తులు గుత్తులుగా ఇనుము. దగ్గర దగ్గర అంత ఇనుము ఉంటే మిషనుకు బంగారం ఎక్కడ కనపడుతుంది? ఇనుమనుకుని ముక్కింది పాపం. అది చెప్పింది. నేనే వినలేదు.

"బావా! ఇనుము కావాల!"

"ఏమి?"

"ఇనుము బావా, ఇనుము! వద్దన్నదంతా మళ్ళీ పెట్టు! నాకు ఇనుము కావాల!"

ఇంతకుముందు ఇనుమును తిట్టిన నోటితోనే ఇప్పుడు ఇనుము ఇనుమని ఏడుస్తుంటే, వేరుశెనగలాయన ఒక పొట్లం ఉచితంగా నా వైపు చాచాడు. ఎండకు మతి పోయిందనుకుని ఉంటాడు. బావ బొత్తాలు తిప్పాడు. నేను కూర్చున్న చోటు నుంచి లేచాను. పళ్ళెం అక్కడ పెట్టగానే మిషను సముద్రం అవతలికి వినపడేలా అరిచింది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను చంకలో కూడా పెట్టుకోలేదు, కూర్చుని వెతికాను. చాప పరిచి, విదిలించి, మళ్ళీ పరిచి, దాన్ని మేమే ఇసుకలోకి తొక్కేశాం.

రెండు చేతులా తవ్వాను. పిన్నీసుల గుత్తి ఒకటి, ఇసుక మెత్తుకుని, ముళ్ళ కాయలా బయటికొచ్చింది. దాని మధ్యలోంచి గొలుసు, గొలుసు చివర తాళి.

అత్త ఒక్క ఉదుటున వచ్చి లాక్కుని కళ్ళకద్దుకుంది. కొంగు జారింది. మెడలో పసుపు దారం బయటపడింది. మామ ఆ దారాన్ని చూశారు, ఇసుక గుత్తిని చూశారు, నా చేతిలో కర్రను చూశారు.

"పోగొట్టినావా?"

అత్త తల ఊపింది. నేను ఆయన మొహం వైపు కాదు, ఛాతీ వైపే చూస్తున్నాను.

మామ గొలుసు తీసుకున్నారు. ఇసుక దులిపారు. గుత్తిలోంచి ఒక పిన్నీసు ఊడదీసి, ముందు సంచి పట్టీకి పెట్టుకున్నారు. తర్వాత గొలుసు కొక్కెం పరీక్షగా చూసి, "విచ్చుకుపోయింది" అన్నారు. ఇంకో పిన్నీసు తీసి, గొలుసు రెండు కొసలూ కలిపి అత్త మెడ వెనక ఆ పిన్నీసుతోనే బిగించారు.

"ఇప్పుడు ఊడదు. గుండెకే కుట్టు వేసుకుని తిరుగుతుండా, నీ గొలుసుకు వేయనా?"

గుంపులో ఒక ముసలావిడ ఠక్కున కులవ పెట్టింది. మావైపు పెళ్ళిళ్ళలో తాళి కట్టేటప్పుడు ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే కూత అది. అందరూ నవ్వారు. అత్త ఏడుస్తూనే సిగ్గుపడింది. నేను మాత్రం తల ఎత్తి బావ వైపు తిరిగాను. ఎంతైనా కనిపెట్టింది నేనే కదా.

"ఇంత బరువు గొలుసుకు ఎవరైనా తగిలిస్తారా అత్తా? ఇన్ని ఊక్కులు నీకెందుకు?"

అత్త కళ్ళు తుడుచుకుని ఆ గుత్తిని వేళ్ళతో వేరుచేస్తూ నా మొహం ముందు పెట్టింది.

"ఇందులో నావి రెండే పిల్లా. మిగిలినవన్నీ నీవి. రోజూ పొద్దున ఇచ్చేసి పోతావు. ఒక్క సాయంత్రమన్నా తిరిగి అడిగినావా? నీ ఊక్కుల బరువుకే కొక్కెం విచ్చుకొనింది."

బావ పుస్తకం తెరిచి, ఏదో పేజీలో వేలు పెట్టి, నాకు అందించాడు. "మీరు పోగొట్టుకున్న వస్తువుకు ఏమేమి తగిలించి ఉన్నాయో ముందు గుర్తు చేసుకోండి" అని ఉంటుందని నా అనుమానం. చదవలేదు. ఇంతవరకూ చదవలేదు.

కాబట్టి మహాజనులారా, సత్రపట్టి కట్టుగుడ్డ సాక్షిగా, తిరుచెందూరు పీత సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను. ఎండిన ఇసుకైనా తడి ఇసుకైనా, ఇకమీదట ఏ మిషను బొత్తానూ మొగుడు పుస్తకం చదివి వినిపించేదాకా ముట్టుకోను. ఇనుమును తక్కువ చేసి మాట్లాడను. అన్నిటికంటే ముఖ్యంగా, నా ఊక్కు నేనే దాచుకుంటాను. ఈ ప్రమాణం చేసిన మర్నాడు పొద్దున గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కేక వినిపించింది: "ఏమే ఉమా, ఊక్కు!" ఆలస్యమైపోతోంది కదా, తీసి అత్త చేతిలో పెట్టి పరిగెత్తాను. ప్రమాణం సాయంత్రం నుంచి అమల్లోకి వస్తుంది.